గిజిగాడు గూడు అల్లుతున్నప్పుడే చిన్నోణ్ని తీసుకురా

బిడ్డా,

నువ్వూ, అల్లుడూ, చిన్నోడూ క్షేమమని తలుస్తాను. వాడికి చెట్టూ పిట్టా మీద ఇష్టం కలగాలంటే ఏ పుస్తకాలు కొనాలని మొన్న ఫోన్లో అడిగావు. ఇంట్లో చుట్టాలుండి నిదానంగా చెప్పలేకపోయాను. నాలుగేళ్ళవాడికి పుస్తకం తర్వాత కొనొచ్చు. వాడు దేన్నైనా వంగి చూస్తుంటే నువ్వూ పక్కన కూర్చుని చూడు, ఇప్పటికి అది చాలు.

చీమల బారు కనబడితే పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆగిపోతారు. ‘పద పద, టైమైతోంది’ అని రెక్క పట్టుకుని లాగేది మనమే. పురుగు కనబడగానే ‘ఛీ, ముట్టుకోకు’ అంటాం. తల్లి మొహంలో అసహ్యం చూస్తే పిల్లలకి అదే అంటుకుంటుంది. తేలు, జెర్రి సంగతి గట్టిగా చెప్పు. మిగతావాటిని కళ్ళారా చూడనియ్యి.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. చెలకలో ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి, మఖమల్ గుడ్డ ముక్కల్లా ఎర్రగా మెత్తగా. వాడొస్తే కాళ్ళు లెక్కపెట్టమందాం. ఎనిమిది ఉంటాయి. చీమకి ఆరే. సాలీడుకీ ఎనిమిదే, అది ఆరుద్ర పురుగుకి చుట్టం. ఇదంతా నువ్వు ముందే చెప్పెయ్యకు, వాడు తనంతట కనిపెట్టి నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పాలి. చూశాక మట్టి మీదే వదిలెయ్యాలి. అగ్గిపెట్టెలో దాచుకోవడాలు వద్దు.

అన్నిటికంటే వాడికి చూపించాలని నా మనసు కొట్టుకునేది మన బావి దగ్గరి గిజిగాళ్ళని. నీళ్ళ మీదికి వంగిన తుమ్మకొమ్మలకి ఈసారి కూడా గూళ్ళు కడుతున్నాయి. అల్లేది మగపిట్ట. ఈ కాలంలో దాని నెత్తి పసుపుపచ్చగా మెరుస్తుంటుంది. గడ్డిపోచనో ఈతాకునో మొదట్లో ముక్కుతో గాటు పెట్టి, ఆ గాటు దగ్గరి అంచు కరుచుకుని ఎగురుతుంది. పొడుగాటి పీలిక సర్రున చీలి వస్తుంది. దాన్ని కాలితో అదిమిపట్టి, ముక్కుతో దూర్చి, అవతలినుంచి లాగి ముడేస్తుంది. సగం గూడయ్యాక రెక్కలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపలికి దూరి చూసుకుంటుంది. నచ్చితేనే మగది కిందికి వేలాడే సొరంగం అల్లి పూర్తి చేస్తుంది. నచ్చని గూడు సగంలోనే ఉండిపోతుంది. లోపలి గోడలకి తడిమట్టి కూడా అంటిస్తుంది. ఆ కష్టమంతా వాడు కళ్ళతో చూడాలి బిడ్డా, వీడియోలో చూస్తే సరిపోదు.

ఊరికి రాని రోజుల్లో పట్నంలోనూ కరువేం లేదు. కుండీలో అత్తిపత్తి పెట్టు. ముట్టుకుంటే ఆకు ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకునేదాకా వాణ్ని ఓపిగ్గా కాచుకోమను. గుప్పెడు మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో మొలకలు లేస్తాయి. నీళ్ళు వాడితోనే పోయించు. హైదరాబాదులోని కేబీఆర్ పార్కుకి పొద్దున్నే పోతే నెమలి అరుపు వినొచ్చు, ఫోన్ బ్యాగులోనే పెట్టుకో.

ఈ నెలాఖరులోపల రండి, సగం అల్లిన గూళ్ళు ఇప్పుడే కనబడతాయి. ఆడవి గుడ్ల మీద కూర్చున్నాక నేనెవర్నీ ఆ చెట్టు దాపుకి పోనివ్వను. వాడికి పాత బట్టలే తీసుకురా, మట్టిలో ఆడతాడు. బావి గట్టు పొట్టిగా ఉంది, వాడి చెయ్యి మాత్రం వదలొద్దు.

మీ అమ్మ