తగ్గింపు ధర ఒక్కటే లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

ఎక్కువ కొంటే ధర తగ్గుతుందన్న ఒక్క కారణంతో గోదాములు నింపుకునే వ్యాపారులు, ఆ సరుకు అమ్ముడుపోయేదాకా దానిమీద పడే వడ్డీ, అద్దె, బీమా, తరుగు ఖర్చులను లెక్కలోకి తీసుకోకపోవడం నన్ను ఎంతో బాధిస్తోంది. 1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం, వార్షిక గిరాకీని ఒక్కో ఆర్డరుకయ్యే ఖర్చుతో గుణించి, రెట్టింపు చేసి, ఒక యూనిట్‌ను ఏడాదిపాటు నిల్వ ఉంచే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీస్తే మితవ్యయ ఆర్డరు పరిమాణం, అంటే ఆర్డరు, నిల్వ ఖర్చుల మొత్తం అతి తక్కువగా ఉండేలా ఒక్కోసారి కొనవలసిన పరిమాణం, వస్తుంది. దానికి రెట్టింపు కొన్నా ఆర్డరు, నిల్వ ఖర్చుల మొత్తం 25 శాతమే పెరుగుతుంది. నాలుగు రెట్లు కొంటే మాత్రం ఆ మొత్తం రెట్టింపు దాటిపోతుంది. కొంత ఎక్కువ కొన్నా ఈ ఖర్చు పెద్దగా పెరగదు కాబట్టి, తగ్గింపును చూడగానే తోసిపుచ్చడమూ పొరపాటే. తగ్గింపు వర్తించే కనీస పరిమాణం వద్ద సరుకు ధర, ఆర్డరు ఖర్చు, నిల్వ ఖర్చు మూడింటినీ ఏడాదికి కలిపి, సూత్రం చెప్పిన పరిమాణం వద్ద అయ్యే మొత్తంతో పోల్చి చూడాలి. గిరాకీ నిలకడగా ఉంటుందన్న, నిల్వ ఉంచిన సరుకు పాడవదన్న ఊహలపైనే ఈ సూత్రం నిలిచింది గనుక, త్వరగా పాడయ్యే సరుకుకు దీన్ని యథాతథంగా వాడకూడదు. మీ వాణిజ్య పుటలో ఈ లెక్కను ఉదాహరణలతో వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు