ఏ వయసు కునుకు ఆ వయసుదే

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్యం గురించి వచ్చే రచనల్లో నిద్ర అంటే చాలావరకు రాత్రి నిద్రే. పగటి కునుకు ప్రస్తావన వచ్చినా, మానుకోవలసిన అలవాటుగానో పని పెంచే ఉపాయంగానో కనిపిస్తుంది తప్ప, మనిషి పొత్తిళ్ల నుంచి ముదిమి దాకా అనుభవించే ఒక సుఖంగా దాన్ని పట్టించుకోవడం అరుదు. పిల్లలకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను, ఇప్పుడు మనవరాలిని పడుకోబెడుతూ నేనూ నడుం వాల్చే వయసులో ఉన్నాను కాబట్టి, ఈ సుఖం పక్షాన నాలుగు మాటలు చెప్పాలనిపించి రాస్తున్నాను.

పుట్టిన తొలి మూడు నెలల్లో బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర కావాలని నిద్రా నిపుణులు చెబుతారు. శరీరంలోని గడియారం ఇంకా కుదురుకోని కాలం అది కనుక, ఆ నిద్ర పగలూ రాత్రీ తేడా లేకుండా విడతలు విడతలుగా సాగుతుంది. నెలలు గడిచేకొద్దీ పగటి కునుకులు ఒక్కొక్కటే తగ్గి, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకు మధ్యాహ్నపు కునుకు ఒక్కటే మిగులుతుంది. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఎక్కువమందిలో అదీ ఆగిపోతుంది. ఈ చివరి కునుకు దగ్గరే ఇంట్లో పెద్ద పోరు నడుస్తుంది. మూడేళ్ల మా మనవరాలు నిద్ర వస్తోందని ఎంతమాత్రం ఒప్పుకోదు. కళ్లు నులుముకుంటూనే బొమ్మను వదలనంటుంది. పక్కన పడుకుని వీపు నిమురుతూ ఉంటే, చెబుతున్న మాట సగంలో ఆగుతుంది, బొమ్మ చుట్టూ బిగిసిన వేళ్లు ఒక్కొక్కటే విడిపోతాయి, పై పెదవి మీద సన్నగా చెమట పడుతుంది.

ఆ కాసేపట్లో లోపల జరిగే పని చిన్నది కాదు. ఆరు నెలల, ఏడాది వయసు పిల్లల మీద జరిపి 2015లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, కొత్తగా చూసిన చేష్టను తర్వాత గుర్తుపెట్టుకుని చేసి చూపినవారు, అది చూసిన నాలుగు గంటల లోపు కనీసం అరగంట పాటు కునుకు తీసిన పిల్లలే. బడిలో చేరకముందు వయసు పిల్లల మీద 2013లో వచ్చిన మరో అధ్యయనంలోనూ, మధ్యాహ్నం పడుకునే అలవాటున్న పిల్లలను మేలుకొలిపి ఉంచితే పొద్దున నేర్చుకున్నది కొంత జారిపోయిందని తేలింది. అందుచేత అక్షరాలు దిద్దించే తొందరలో పసివాళ్ల కునుకు వేళను తగ్గించడం, ఒక చేత్తో నేర్పి మరో చేత్తో చెరిపేయడమే అవుతుంది. అలాగని నిద్ర రాని బిడ్డను గద్దించి పడుకోబెట్టడమూ తగదు. కునుకు అక్కర తీరే వయసు అందరికీ ఒకటి కాదు.

కౌమారంలో కునుకు దొంగచాటుగా తిరిగొస్తుంది. ఆ వయసులో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా నడవడం వల్ల రాత్రి త్వరగా నిద్ర పట్టదు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావలసిన పిల్లలను మాత్రం పెందలాడే లేపుతాం. పుస్తకం మీద తల వాల్చి దొరికిపోయిన పిల్లవాడు లేచి నిలబడితే, చెంప మీద అట్ట అంచు ఎర్రగా అచ్చు పడి ఉండేది. అది బద్ధకం కాదు, రాత్రి తీరని బాకీ.

పగటి నిద్ర పనికి చేటన్న మాట అందరికంటే ఎక్కువగా వినవలసి వచ్చేది పనిచేసే వయసువారే. మధ్యాహ్నపు మత్తును భుక్తాయాసం కింద జమకట్టడం పరిపాటి. భోజనం మానేసిన రోజున కూడా అది వస్తుందనేది గమనించవలసిన సంగతి. నిద్రను రెండు ప్రక్రియలు నడుపుతాయని స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ప్రతిపాదించారు. మెలకువగా ఉన్నకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోవడం ఒకటి, శరీర గడియారం వేళను బట్టి మెలకువను నిలబెట్టడం రెండోది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఈ రెండింటి మధ్య పొత్తు కాస్త సడలి కళ్లు బరువెక్కుతాయి. కాఫీ ఆ ఒత్తిడిని తీర్చదు, నిద్ర కోరే అడినోసిన్ అనే రసాయనం పని చేయకుండా కాసేపు అడ్డుపడుతుంది, అంతే. తీర్చేది కునుకు ఒక్కటే. సుదూర విమానాల పైలట్ల మీద నాసా జరిపి 1994లో ప్రకటించిన అధ్యయనంలో, వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇస్తే వారు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత విరామం లేనివారి కంటే ఎక్కువ చురుకుగా ఉన్నారు. వందల ప్రాణాలు చేతిలో ఉన్నవారికే మేలు చేసిన కునుకు, బల్ల ముందు కూర్చుని లెక్కలు రాసేవారికి తప్పెలా అవుతుంది?

ప్రయోజనం మాట అలా ఉంచితే, అసలు ఆ సుఖమే వేరు. చుట్టూ వినిపించే మాటలు మెల్లగా అర్థం కోల్పోతాయి, చదువుతున్న వాక్యం తనంతట తానే మరో వాక్యంగా మారిపోతుంది, ఒక్కసారి కాలు ఉలిక్కిపడుతుంది, ఇక ఆపైన ఒంటి బరువు తెలియదు. ఇరవై నిమిషాల్లో లేస్తే తేలిగ్గా ఉంటుంది. అరగంట దాటి గాఢనిద్రలోకి జారాక లేస్తే మాత్రం ఆ మత్తు కొంతసేపు వదలదు.

వయసు మళ్లాక గాఢనిద్ర తగ్గి, రాత్రి మాటిమాటికీ మెలకువ వచ్చి, పగటి కునుకు మళ్లీ హక్కుగా ఇంట్లోకి వస్తుంది. తీరిక ఉంటుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా ఎందరో పెద్దలు గుమ్మంలో అలికిడి కాగానే గబుక్కున లేచి కూర్చుని, కళ్లు మూసుకున్నానంతే, నిద్రపోలేదని సంజాయిషీ ఇస్తారు. అది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. గ్రీస్‌లో 23,681 మందిని ఆరేళ్లకు పైగా గమనించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, వారానికి కనీసం మూడుసార్లు మధ్యాహ్నం అరగంటకు తగ్గకుండా పడుకునేవారిలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువగా కనిపించాయి. ఆ మేలు కునుకు వల్లనేనని దీన్నిబట్టి నిర్ధారించలేం. గంటకు మించిన పగటి నిద్రకూ అనారోగ్యానికీ సంబంధం చూపిన అధ్యయనాలూ ఉన్నాయి, వాటిలోనూ ఏది కారణమో ఏది ఫలితమో తేలలేదు. ఉన్నట్టుండి పగటి మత్తు పెరిగితే నిద్రలో శ్వాస ఆగడమో, వాడే మందులో కారణం కావచ్చు కనుక వైద్యుడికి చూపించుకోవాలి. రాత్రి నిద్ర పట్టనివారు పగటి కునుకును కుదించుకోవాలి. ఈ జాగ్రత్తలు చాలు.

మీ పత్రిక ఆరోగ్య పుటల్లో పగటి కునుకు గురించి వయసులవారీగా వైద్యుల చేత వ్యాసాలు రాయించవలసిందిగా కోరుతున్నాను. వాటితోపాటు, మధ్యాహ్న విరామంలో ఇరవై నిమిషాలు కళ్లు మూసుకునే వీలును పనిచేసే చోట్ల ఎందుకు కల్పించరాదో యాజమాన్యాలను అడగాలని కూడా నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు