కళ్ల కదలికల చికిత్సలన్నీ ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మన నగరంలో కొన్ని కౌన్సెలింగ్ సెంటర్లు 'కళ్ల కదలికల థెరపీ' పేరుతో జోరుగా ప్రచారం చేసుకుంటున్నాయి. ఒకే సిట్టింగ్‌లో భయం పోతుందట, పాత బాధ మాయమవుతుందట. ఈఎండీఆర్, ఏఆర్‌టీ, బ్రెయిన్‌స్పాటింగ్ అనే మూడు పేర్లనూ ఒకే కరపత్రం మీద, మూడూ ఒకటే అన్నట్టు వేస్తున్నారు. అవి ఒకటి కావు. వాటి వెనక ఉన్న ఆధారాలు కూడా ఒక్క తీరుగా లేవు. ఈ తేడా తెలియక వెళ్లినవాళ్లకు డబ్బు పోవడం ఒక్కటే కాదు, నిజంగా పనిచేసే వైద్యం మీద కూడా నమ్మకం పోతుంది.

మూడింటిలో పాతదీ, ఎక్కువ అధ్యయనాలకు నిలిచిందీ ఈఎండీఆర్. చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ ఉండగా కళ్లను అటూ ఇటూ కదిపించే చికిత్స ఇది. అమెరికా సైకాలజిస్ట్ ఫ్రాన్సీన్ షపీరో 1987లో దీనికి శ్రీకారం చుట్టి, 1989లో తొలి అధ్యయనం ప్రచురించారు. ప్రమాదమో దాడో జరిగి నెల దాటినా ఆ దృశ్యం వదలకుండా వెంటాడితే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. దానికి సీబీటీతో (ఆలోచనల, ప్రవర్తనల తీరును మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) పాటు ఈఎండీఆర్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లోనూ ఇది ఉంది. మామూలుగా 8 నుంచి 12 సిట్టింగులు పడుతుందని వాళ్లే రాశారు. ఒక్క సిట్టింగ్ మాట అందులో ఎక్కడా లేదు.

మా తమ్ముడు రాత్రిపూట బైక్ మీద వస్తుంటే లారీ గుద్దింది. విరిగిన కాలు అతుక్కుంది గానీ, వెనక లారీ బ్రేకు చప్పుడు వినబడితే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టి రోడ్డు పక్కనే కూలబడేవాడు. ఎవరో చెబితే ఒక సెంటరుకు తీసుకెళ్లాం. పేరు, ఫోన్ నంబరు రాసుకున్న కాసేపటికే కళ్ల ముందు వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు. నిద్ర పడుతోందా, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, మందులు వాడుతున్నావా అని ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రి వాడు కన్ను మూయలేదు. ప్రమాదం అప్పుడే జరుగుతున్నట్టు వణికిపోయాడు.

తర్వాత ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దొరికారు. ఆవిడ మొదటి సిట్టింగుల్లో వేలు కూడా ఎత్తలేదు. వాడి కథ విన్నారు. భయం తన్నుకొచ్చినప్పుడు ఊపిరి ఎలా కుదుటపరచుకోవాలో, మనసు నిలబడే చోటు ఒకటి ఎలా తలచుకోవాలో నేర్పారు. అది వంటబట్టాకే ఎదురుగా, కొంచెం పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చుని, రెండు వేళ్లను అటూ ఇటూ కదుపుతూ వాటి వెంట చూడమన్నారు. అర నిమిషానికి ఆపి, "ఇప్పుడేం వస్తోంది?" అనేవారట. బాధ ఎంతుందో సున్నా నుంచి పది మధ్య చెప్పమనేవారట. ఈఎండీఆర్‌కు ఎనిమిది దశలుంటాయని, కళ్ల కదలిక మొదలయ్యేది నాలుగో దశలో అని మాకు అప్పుడు తెలిసింది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాల్సిన పని కూడా ఇందులో లేదు. ఇంట్లో నోరు విప్పలేని ఆడపిల్లలకు అది ఎంత ఊరటో వేరే చెప్పాలా?

ఏఆర్‌టీని 2008లో లేనీ రోజెన్‌జ్వైగ్ రూపొందించారు. ఇందులోనూ కళ్లు కదిపిస్తూనే, భయపెట్టే దృశ్యం స్థానంలో మనకు నచ్చిన దృశ్యాన్ని ఊహించుకోమంటారు. ఒకటి నుంచి ఐదు సిట్టింగుల్లో ముగిస్తారు. ఎక్కువగా సైనికులు, మాజీ సైనికులతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఆశ పుట్టించిన మాట నిజమే, కానీ అందులో పాల్గొన్నది 57 మందే. అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి ఇచ్చిన 2023 మార్గదర్శకాలు ఈఎండీఆర్‌ను సిఫారసు చేశాయి. ఏఆర్‌టీ విషయంలో మాత్రం అవునని గానీ కాదని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవన్నాయి. ఇక డేవిడ్ గ్రాండ్ 2003లో మొదలుపెట్టిన బ్రెయిన్‌స్పాటింగ్‌లో కళ్లు అసలు కదలవు, చూపును ఒకచోట నిలుపుతారు. దాని మీద వచ్చిన అధ్యయనాలు కొద్దే.

ఈఎండీఆర్‌లో కూడా మేలు చేసేది కళ్ల కదలికేనా అన్న వాదన ఉంది. ఆ కదలిక వల్ల అదనంగా వచ్చే మేలు పెద్దగా లేదని 2001లో ఒక విశ్లేషణ చెబితే, ఉందని 2013లో మరొకటి చెప్పింది. ఆ సంగతి పరిశోధకులు తేల్చుకుంటారు. నన్ను కలవరపెట్టేది వేరే. ఇంటర్ పిల్లల పరీక్షల టెన్షన్‌కూ, ఆఫీసు ఒత్తిడికీ ఇదే ప్యాకేజీ అంటగడుతున్నారు. మామూలు ఆందోళనకు, పానిక్ అటాక్‌లకు ఎక్కువ ఆధారాలున్నది సీబీటీకి. పీటీఎస్‌డీకి దొరికిన రుజువు చూపించి అన్నిటికీ అమ్మడం న్యాయం కాదు.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు చూసిన ఊరు మనది. రోడ్డు ప్రమాదాలు రోజూ చూస్తున్నాం. మానసిక వైద్యం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన హక్కు. అయినా ఎర్రగడ్డ పేరెత్తితే నలుగురూ ఏమనుకుంటారో అని జనం ప్రైవేటు బోర్డుల వెంట పడుతున్నారు. పీటీఎస్‌డీకి ఈఎండీఆర్, సీబీటీ చేయగల సైకాలజిస్టులను ఎర్రగడ్డలోనే కాక గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ ఉంచి, ఏ రోజు ఎవరుంటారో, తెలుగులో చేస్తారో ఉర్దూలో చేస్తారో బయట రాసిపెట్టాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరును బోర్డు మీద వేసేలా చూడాలి. ఎక్కడికి వెళ్లాలో తోచనివారు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

మీకూ ఒక మనవి. ఇలాంటి ప్రకటన మీ పత్రికకు వచ్చినప్పుడు ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇవ్వకపోతే ప్రకటన వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్