కొత్తపేట దగ్గర ఆగిన అన్నయ్యగారికి

మొన్న చీకటి పడ్డాక రావులపాలెం నుంచి అమలాపురం వస్తుంటే, కొత్తపేట దాటాక మా పాత మారుతి 800 హెడ్‌లైట్లు బుడ్డిదీపాల్లా అయిపోయాయి. కొబ్బరికాయల వ్యాన్ ఆపి మీరే దిగారు. ఇంజను నడుస్తున్నా బ్యాటరీ దగ్గర మీటరు 12.1 వోల్టులే చూపించింది. ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనక బోల్టుకీ దాని బాడీకీ మధ్య పెడితే మాత్రం 14.2!

"ఇది బానే ఉందండి, కరెంటు దారిలో పోతోంది" అన్నారు.

ఇంజను నుంచి బ్యాటరీ మైనస్‌కి కరెంటు దారి ఇచ్చే ఎర్త్ పట్టీ విప్పితే పచ్చగా చిలుము. కత్తితో గీకి బిగించగానే బ్యాటరీ దగ్గరా 14 దాటింది. (అంతకుముందే ఓ మెకానిక్ మాట విని కొత్త బ్యాటరీ కొన్నాను. ఆ ఖర్చు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

డబ్బులు తీసుకోకపోగా రెండు బొండాలు సీట్లో పెట్టి వెళ్లారు. టెన్షన్‌లో పేరైనా అడగలేదు. చాలా థాంక్సండి.