న్యెపి రాత్రి మా గేటు తట్టిన పెద్దమనిషికి

ముందే చెబుతున్నాను, ఇది పొందికగా ఉండదు. మూడు రాత్రులూ కలిపి ఆరు గంటలు నిద్రపోయానేమో. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమ బొటనవేలితో టైపు చేస్తున్నాను. అయినా ఇవాళే రాయాలి. నాలుగు రోజులు ఆగితే మామూలు మనిషినైపోయి, ‘అందరికీ ధన్యవాదాలు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మేము బాలీ వచ్చి నాలుగేళ్లయింది. సానూర్ తీరంలో ఉంటాం. మా ఆయనది హోటల్లో ఉద్యోగం. నాది సముద్రం ఒడ్డున కుక్కలకు అన్నం పెట్టే కొలువు. జీతం లేదు. నాకున్న వీసాతో జీతం లేకపోవడమే క్షేమం. వాటిలో మిరియం అని ఒక నల్ల కుక్క ఉంది. జాలర్ల జుకుంగ్ పడవల నీడలోనే దాని కాపురం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను, ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాను. అది నాదని చెప్పలేను. నేను దానిదాన్ని అనుకుంటే ఎక్కువ నిజం.

ఈసారి మన ఉగాది, ఇక్కడి హిందువుల కొత్త సంవత్సరమైన న్యెపి ఒకే రోజున, మార్చి 19న పడ్డాయి. మనం శాలివాహన శకం అంటామే, వీళ్లూ ఆ లెక్కే. అక్కడా ఇక్కడా 1948 మొదలైంది. మనం పచ్చడి తిని పంచాంగం వింటాం. వీళ్లు నోరు కట్టుకుని ఇంట్లో కూర్చుంటారు. ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నిప్పు వెలిగించకూడదు, పని చేయకూడదు, ప్రయాణం చేయకూడదు, వినోదం ఉండకూడదు. విమానాశ్రయం కూడా మూసేస్తారు. వీధిలో కనిపించేది పెచలాంగ్‌లు మాత్రమే. నలుపు తెలుపు గళ్ల వస్త్రం నడుముకు చుట్టుకుని తిరిగే ఊరి కాపలాదారులు వాళ్లు.

ఆ మౌనానికి ముందు రాత్రి మాత్రం ఊరు దద్దరిల్లిపోతుంది. ఓగోఓగో అని భూతాల బొమ్మలు చేసి, వెదురు చట్రాల మీద మోస్తూ, గంటలు మోగిస్తూ, టపాసులు కాలుస్తూ తిప్పుతారు. భూతాల మాట ఏమో గానీ కుక్కలు మాత్రం ఊరు విడిచి పారిపోతాయి. మిరియం కూడా అలాగే పరుగెత్తింది. ఏదో మోటారుసైకిలు కింద పడింది. రాత్రి పదకొండున్నరకు పడవల మధ్య దొరికింది. వెనక కాలు తొడ దగ్గర విరిగి, చర్మం చీలిపోయి ఉంది. ఎత్తబోతే నా అరచేతిని కరిచింది. దాని తప్పు లేదు, నేను పట్టుకున్న చోటు అలాంటిది.

ఆ రాత్రి నేను ఐదు పశువైద్యశాలలకు ఫోన్ చేశాను. నాలుగు చోట్ల ఎత్తలేదు. ఐదో చోట ఎత్తి, యజమాని ఎవరని అడిగారు. వీధికుక్క అన్నాను. అడ్వాన్సు ముందే పంపాలి, ఎలాగూ 20వ తేదీ దాకా ఎవరూ చూడరు అన్నారు. పండగ పూట వాళ్లనూ తప్పుపట్టలేను. కానీ ఏటా ఆ రాత్రి కుక్కలు బెదురుతాయని అందరికీ తెలిసినప్పుడు, తీరం మొత్తానికి ఒక్క డాక్టరునైనా మేలుకుని ఉండేలా చూడడం అంత కష్టమా? మా ఆయన రాత్రంతా నా పక్కనే కూర్చుని, నాలుగున్నరకు అమ్మాయి ఒంటరిగా ఉందని ఇంటికి వెళ్లారు. నేను వెళ్లలేకపోయాను. ఇంకో పావుగంట, ఇంకో పావుగంట అనుకుంటూ ఉండగానే ఆరు దాటింది.

అప్పుడు వచ్చారు ఆయన.

అరవై దాటి ఉంటాయి. తలకు ఉడెంగ్ పాగా, కాళ్లకు రబ్బరు చెప్పులు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు. నా గుండె జారిపోయింది. ఎందుకో చెప్పాలి. పోయిన ఏడాది న్యెపి రాత్రి మా వంటింటి కిటికీ సందులోంచి వెలుతురు బయటికి వస్తోందని ఒక పెచలాంగ్ గేటు తట్టి చెప్పారు. నేను మొహం చిట్లించుకుని దీపం ఆర్పాను. మర్నాడు మా అక్కకు ఫోన్ చేసి ‘వీళ్ల పెత్తనం’ గురించి అరగంట మాట్లాడాను. కాబట్టి ఇప్పుడు ఎదురుగా ఆ గళ్ల బట్ట కనిపించేసరికి జరిమానా, పంచాయితీ, వీసా అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి.

ఆయన కుక్కను చూడలేదు. నా చెయ్యి చూశారు. ‘ఇబు, ఇది ఎప్పుడు?’ అన్నారు చాలా మెల్లగా. ఇబు అంటే అమ్మగారు అని. రాత్రి అన్నాను. కడిగారా అన్నారు. నీళ్లతో కడిగానన్నాను. తల అడ్డంగా ఊపి, నన్ను స్నానాల కుళాయి దగ్గరికి తీసుకువెళ్లారు. ఒక కుర్రాడు ఎక్కడినుంచో బట్టల సబ్బు ముక్క తెచ్చాడు. ఆయన చేతిగడియారం చూసుకుంటూ నా పక్కన నిలబడ్డారు. మధ్యలో చాలనుకుని నేను ఆపబోతే, ‘ఇంకా ఆరు నిమిషాలు’ అన్నారు. పదిహేను నిమిషాలు పూర్తయ్యేదాకా కుళాయి కట్టనివ్వలేదు.

బాలీలో 2008కి ముందు రేబిస్ లేదు. ఆ ఏడాది దక్షిణపు కొసలో బయటపడి దీవి అంతా పాకింది. మనుషులు చనిపోయారు. భయంతో వేల కుక్కలకు విషం పెట్టి చంపారు. చంపినకొద్దీ వాటి స్థానంలోకి టీకా లేని కొత్త కుక్కలు వచ్చాయి గానీ జబ్బు ఆగలేదు. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే తప్ప అది ఆగదని తర్వాత దారికి వచ్చారు. ఇదంతా నేను చదివి తెలుసుకున్నది. ‘ఇంత కచ్చితంగా మీకెలా తెలుసు పాక్?’ (పాక్ అంటే అయ్యగారు) అని అడిగితే ఆయన ‘తెలుసుకోవాల్సి వచ్చింది’ అన్నారు. అంతకుమించి చెప్పలేదు, నేను అడగలేదు.

న్యెపి రోజున మనిషి ప్రాణం మీదికి వస్తే ప్రయాణానికి అనుమతి ఉంది. కుక్కకు లేదు. ఆయన ఫోనులో బంజార్ పెద్దతో, అంటే ఆ వాడ సంఘం పెద్దతో, మాట్లాడారు. అత్యవసరం కోసం ఉంచిన వ్యాను వచ్చింది. నేను ఎక్కకుండా మిరియం వైపు చూస్తున్నాను. డ్రైవరు కుదరదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు ఆయన అన్న మాట విని నేను ఇసుకలోనే కూర్చుండిపోయి ఏడ్చాను. ‘కరిచిన కుక్కను పద్నాలుగు రోజులు గమనించాలి కదా. అది చచ్చిపోతే దేన్ని గమనిస్తాం? అది బతకడం కూడా ఈమె వైద్యంలో భాగమే.’

చూశారా! నియమం తప్పలేదు. ఎవరినీ ఎదిరించలేదు. నియమంలోనే ఒక కుంటి కుక్క పట్టేంత సందు వెతికారు. పడవ పక్కనున్న నీలిరంగు చేపల డబ్బాలో దాన్ని పడుకోబెట్టి, తన భుజం మీది తువ్వాలు కప్పి, తనే ఎత్తి వ్యానులో పెట్టారు.

ఆసుపత్రిలో కుక్కను లోపలికి రానివ్వరు, అది న్యాయమే. నేను ముందే టీకాలు వేయించుకున్నదాన్ని కాబట్టి గాయం దగ్గర వేసే రేబిస్ సీరం అక్కర్లేదు, రెండు సూదులు చాలన్నారు. ఒకటి అప్పుడే, రెండోది మూడో రోజున. సూది దొరకడమే నా అదృష్టం. ఏడాది కిందట ఒక ఆరోగ్య కేంద్రంలో ఇదే టీకా నిండుకుంది, రేపు రండి అని మూడుసార్లు తిప్పారు. రేబిస్ వచ్చాక మందు లేదు, ముందు వేసే టీకా మాత్రమే ఉంది. అది నిల్వ లేకుండా ఎలా చూస్తూ ఊరుకుంటారో నాకు అర్థం కాదు. మా విదేశీయుల నిర్వాకమూ చెప్పుకోవాలి. ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకుని, వీసా అయిపోగానే తీరం మీద వదిలేసి విమానం ఎక్కేవాళ్లను ఈ నాలుగేళ్లలో నేనే ఎంతమందిని చూశానో. సరే, ఇది ఇప్పుడు కాదు.

గంటన్నర తర్వాత బయటికి వచ్చాను. ఆయన ఎండ పడని గోడ వారన నేల మీద కూర్చుని ఉన్నారు. డబ్బా ఒళ్లోకి జరుపుకున్నారు. సీసా మూతలో నీళ్లు పోసి, అందులో చూపుడువేలు ముంచి మిరియం పెదవికి తాకిస్తున్నారు. అది నాకుతోంది. మళ్లీ ముంచుతున్నారు. ఆ రోజు ఆయనకు ఉపవాసం. సీసా సీల్ అప్పుడే తీసినట్టుంది, ఆ మూతెడు తప్ప నీళ్లు తగ్గలేదు.

అక్కడినుంచి ఒక జంతువుల క్లినిక్‌కు తీసుకువెళ్లారు. లోపల చికిత్సలో ఉన్న జంతువుల కోసం ఒక డాక్టరమ్మ, ఒక సహాయకురాలు అక్కడే ఉండిపోయారట. పక్క తలుపు తీశారు. పదింటికి నన్ను మా గేటు దగ్గర దింపి, ఆయన ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయారు. పేరు అడగలేదు. ఇంత చదువూ ఉండి, ఆ ఒక్క మాట అడగలేదు.

ఆ రాత్రి ఇల్లంతా చీకటి. నా ఫోనులో డేటా లేదు. అమావాస్య దాటిన మర్నాడు కాబట్టి ఆకాశం నిండా నక్షత్రాలే. ముందురోజు నానబెట్టిన చింతపండు, బెల్లం, ఇక్కడ ఇంతరాన్ అనే వేపచెట్టు పువ్వు కలిపి మా అమ్మాయి పొయ్యి అవసరం లేకుండానే పచ్చడి చేసి పెట్టింది. తినలేకపోయాను. తొమ్మిదింటికి గేటు మీద చప్పుడైంది. నిరుడు తట్టినట్టే, రెండుసార్లు. కిటికీల వైపు చూశాను, ఎక్కడా వెలుతురు లేదు. వెళ్లి తీశాను. ఆయనే. చీకట్లో మొహం సరిగా కనిపించలేదు. ‘కుక్క బతికే ఉంది, ఇబు. ఫోన్ చేసి కనుక్కున్నాను’ అని, నేను నోరు తెరిచేలోపే గళ్ల బట్ట సర్దుకుంటూ ముందుకు సాగిపోయారు.

నిరుడు తట్టింది కూడా ఆయనేనేమో. ఆ అరగంట మాటలు ఇప్పుడు మా అక్క మరచిపోతే బాగుండును.

నిన్న ఆపరేషన్ అయింది, ఎముకకు ప్లేటు వేశారు. బిల్లు 60 లక్షలు. కంగారుపడకండి, రుపయాలు. మన డబ్బులో ముప్పై వేల పైచిలుకు. అడగకుండానే పంపిన ఐదుగురికీ విడిగా రాస్తాను. రేపు ఆదివారం నాకు రెండో సూది. మిరియం గమనింపు గడువు పూర్తయ్యేదాకా క్లినిక్‌లోనే. అన్నం తింటోంది.

మా ఆయనకూ, అమ్మాయికీ, ఫోను పెట్టకుండా విన్న అక్కకూ ఇక్కడ ప్రత్యేకంగా చెబితే నవ్వుతారు.

అయ్యో, వ్యాను డ్రైవరు. మొదట చెయ్యి ఊపినా, గుంత వచ్చినచోటల్లా వెనక్కి తిరిగి డబ్బా చూసుకుంటూ నడిపాడు. ఎక్స్‌రేకు డబ్బు తీసుకోని సహాయకురాలు. సబ్బు తెచ్చిన కుర్రాడు. నా వంతు అన్నం పట్టుకెళ్లి మిగతా కుక్కలకు పెడుతున్న ఎదురింటి డచ్చి ముసలాయన, ఆయనను ఎలా మరచిపోయానో.

ఆ నీలిరంగు చేపల డబ్బా ఎవరిదో ఇంకా తెలియలేదు. మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. తెల్లవారుజామున పడవలు దిగకముందే తీసుకువెళ్లి తీసినచోటే పెడతాను. తువ్వాలు మాత్రం నా దగ్గరే ఉంది, అది ఆయన చేతికే ఇవ్వాలి.