తుమ్మచెట్టు దగ్గర పాట ఆపు

డాలస్

చెల్లె,

ఇక్కడ అందరం మంచిగున్నం. బాపు మోకాళ్ల నొప్పి ఎట్లుందో పోయినసారి రాయలేదు, ఈసారి మరువకు.

నువ్వు అడిగిన పాటల క్లాసు సంగతి. ఎనిమిదో తరగతికి గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ వినిపిస్త అన్నవు కదా, చాలా మంచిది. కానీ అయిపోంగనే ‘ఈ పాట నీతి ఏంది’ అని అడుగకు. ‘చేతివృత్తులను గౌరవించాలె టీచర్’ అని అందరూ ఒక్క గొంతుతో చెప్తరు. గంట కొట్టంగనే కుమ్మరోళ్ల పిల్లగాణ్ని మళ్ల వెక్కిరిస్తరు.

2002ల ‘కుబుసం’ సినిమాతోని ఊరూరికీ పోయిన ఆ పాటకు బలం పనిముట్లల్ల ఉన్నది. కుండలు కాల్చే వాము, కమ్మరి కొలిమి, కట్టె చెక్కే బాడిశ, మగ్గం. ఒక్కొక్కటి ఏ స్థితిల ఉన్నదో చెప్పుకుంట పోతడు. కుమ్మరి వాముల తుమ్మలు మొలిచినయి అన్నకాడ పాట ఆపు. వాముల చెట్టు లేవాలంటే అండ్ల ఎన్నేండ్లు మంట పెట్టకుండ ఉండాలె? ఆ లెక్క పిల్లలనే చెయ్యనియ్యి. మూడేండ్లో నాలుగేండ్లో అనుకున్నంక, మరి అన్ని రోజులు ఆ ఇంట్ల ఏం తిన్నరు అని వాళ్లే అడుగుతరు. నువ్వు అడిగితే అది పరీక్ష ప్రశ్న అయితది.

పాట రెండుసార్లు పెట్టు. మొదటిసారి ఏం మాట్లాడకు. రెండోసారి నలుగురికి ఒక పనిముట్టు పంచు. అది ఎవరిది, దేంతోని చేస్తరు, ఇప్పుడు దాని జాగల ఏమొచ్చింది, ఆ వస్తువు ధరెంత, ఇంటికాడ అడిగి రాసుకొని రమ్మను. ధర తప్పకుండ ఉండాలె. ఎందుకంటే పాటల ‘కనిపించని కుట్ర’ అనే మాట ఉన్నది. మట్టికుండకు, ప్లాస్టిక్ బిందెకు ధరలు పక్కపక్కన రాస్తే ఆ కనిపించనిది కొంత కనిపిస్తది. లేకపోతే పిల్లలు ఎవర్నో ఒకర్ని దొంగను చేసి ఊరుకుంటరు.

డీజే డబ్బాల పెట్టకు. దరువు మోతల మాటలు మునిగిపోతయి, పిల్లలు ఎగురుడే ఎగురుడు. చిన్న స్పీకరు చాలు.

ఇంకో చిక్కు ఉన్నది. వాము కోసం ఏడ్చే పాట విని, కుమ్మరి కొడుకు కుమ్మరిగనే ఉండాలె అనుకునే ప్రమాదం ఉంది. కులంతోని కట్టేసిన పని అది. పనితనం పోయిందని బాధపడుడు వేరు, ఆ కట్టు ఉండాలె అనుడు వేరు. ఈ మాట నువ్వే తేటగ చెప్పు, పాట మీద వదిలెయ్యకు.

తర్వాతి వారం గద్దర్ లచ్చుమమ్మ పాట పెట్టు. చిన్నబోయి కూసున్న మనిషిని ఎందుకమ్మా అని అడుగుడుతోనే మొదలైతది. వినేటోడు కూడా ఆమె పక్కకు పోయి కూసున్నట్టే అయితది.

మన ఊళ్లె కమ్మరి కొలిమి ఇంకా ఉంటే, గాలి ఊదే తిత్తితో సహా ఫొటో తీసి పంపు. ఇక్కడ ఆదివారం తెలుగు బడి పిల్లలు నేను గీసిన కొలిమి బొమ్మను చూసి బార్బెక్యూ పొయ్యి అంటున్నరు.

అమ్మకు, బాపుకు దండాలు చెప్పు.

మీ అన్న