ఓటు లేని కుర్చీ

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తిట్టుకో. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. ఇప్పుడు నా గడ్డంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెడుతోంది. మిగతావన్నీ తర్వాత. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన మీ బాలయోగి గారి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా చిన్నదాన్ని బడిలో మాక్ పార్లమెంటుకు స్పీకర్‌ని చేశారు. ఎగురుకుంటూ రావాల్సింది ఏడుస్తూ వచ్చింది. "అందరికీ ఓటు ఉందట, నాకొక్కదానికే లేదట!" ఓట్లు సరిసమానంగా చీలితేనే స్పీకర్ ఓటు వేస్తారని చెప్పాను. "అలాంటి కుర్చీ నాకెందుకు?" అంది. గరిటెతో కంచం మీద కొట్టి హాస్టల్ సభను నడిపినవాడివి, నువ్వుంటే సర్దిచెప్పేవాడివి. నాకు మాత్రం మన పాత గొడవే గుర్తొచ్చింది, మీ అమలాపురం స్పీకర్ గొప్పా, మా అనంతపురం స్పీకర్ గొప్పా అని. మధ్యలో తిరుచానూరు అనంతశయనం అయ్యంగార్‌ను పట్టుకుని స్వామిగాడు దూరేవాడు. ఆ ఉప్మా రాత్రి... సరే, వద్దులే.

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి మా చిన్నదానికి 1999 ఏప్రిల్ 17 నాటి విశ్వాస పరీక్ష కథ చెప్పాను. వాజ్‌పేయికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. కాంగ్రెస్ నాయకుడు గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒరిస్సా ముఖ్యమంత్రి, లోక్‌సభ సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. ఓటు వేయాలా వద్దా అన్నది బాలయోగి గారు ఆయన మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా వేశారు. ఆ రోజు టీవీ గదిలో నువ్వు విసిరిన చెప్పు ఇప్పటికీ దొరకలేదు కదా!

అది పెన్సిలు కొరుకుతూ, "స్పీకర్‌ది ఏ పార్టీ నాన్నా?" అంది.

"తెలుగుదేశం. వాళ్ళు వాజ్‌పేయి వైపే వేశారు."

పెన్సిలు ఆగింది. 269ని కొట్టేసి 270 రాసింది. "ఆయన కుర్చీలో కాకుండా కింద కూర్చుని ఉంటే సమానమయ్యేదిగా!"

ఒరేయ్, ఇన్నేళ్ళూ గమాంగ్ ఓటు మీదే గొంతులు చించుకున్నాం. పక్కనే వేయకుండా ఉండిపోయిన ఓటు మనిద్దరిలో ఒక్కడికీ కనిపించలేదు! నేను తేరుకునేలోపే, "అప్పుడు కుర్చీలో ఇంకెవరో ఉండాలి కదా, మరి వాళ్ళ ఓటు?" అంది. అవునురా, ఆ కూర్చున్నది ఎవరో, ఏ వైపు లెక్కలోంచి తగ్గేదో... నువ్వే ఆలోచించు.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర బాలయోగి గారి హెలికాప్టర్ కూలి ఆయన పోయారన్న రాత్రి నువ్వు ఎస్‌టీడీ బూత్ ముందు నిలబడి, లైను కలిసినా ఏమీ మాట్లాడలేకపోయావు. ఆ రోజు నిన్ను ఏడిపించలేదు కాబట్టి ఇప్పుడు ఏడిపిస్తాను. మా అనంతపురం నీలం సంజీవరెడ్డి గారు రెండుసార్లు స్పీకర్, మొదటిసారి కుర్చీ ఎక్కగానే పార్టీకి రాజీనామా కూడా చేశారు! 1969లో ఆ కుర్చీ దిగి రాష్ట్రపతి పదవికి పోటీ చేస్తే ఓడించింది ఎవరు? అంతకుముందు ఉపరాష్ట్రపతిగా, అంటే ఛైర్మన్ హోదాలో, రాజ్యసభను నడిపిన వి.వి. గిరి గారు. ఆయనా తెలుగువాడే. రాజ్యసభ ఛైర్మన్ ఆ సభలో సభ్యుడే కాడంటే మా పిల్ల నమ్మలేదు, ఆ తగువు ఇంకా తేలలేదు.

వంటింట్లో కంచం మోగుతోంది. అమ్మ గరిటె కోసం వెతుకుతోంది. దాక్కోవాలి, మిగతాది రేపు